అప్‌డేట్: ఇత్తడి వినాయకుడి కిరీటం సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టర్ వదిలింది

మైనం బొమ్మ చుట్టూ ప్లాస్టర్ అచ్చు కట్టి, మైనం కరిగించి ఇత్తడి పోతపోసిన 4 సెం.మీ. విగ్రహం, కిరీటం గాడుల్లోనూ తొండం వెనకా ప్లాస్టర్ ఉండిపోయింది, ఎలా తీయాలని అడిగాను. చెప్పినవాళ్లందరికీ ధన్యవాదాలు.

అర లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి 20 నిమిషాలు నానబెడితే ప్లాస్టర్ మెత్తబడింది. వెదురు పుల్ల కొసను చిన్న ఉలిలా చెక్కి గీకితే తడి సున్నంలా ఊడొచ్చింది. మిగిలింది అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (శబ్ద తరంగాలతో నీళ్లను కదిలించి శుభ్రం చేసే యంత్రం) 10 నిమిషాలకు పోయింది. ఉక్కు సూది మాత్రం వద్దు, కంటి గీత దగ్గర గీరుకుంటే మళ్లీ సరిచేయలేం. ఆ నీళ్లలో ఇనుప పట్టకారు కూడా ముంచకండి: అందులో కరిగిన రాగి విగ్రహం మీద ఎర్రగా పట్టేస్తుంది. ప్లాస్టిక్‌ది వాడండి.

తర్వాత తినే సోడా నీళ్లలో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో సందులన్నీ ఆరబెట్టాలి. తడి మిగిలిన చోట ఆకుపచ్చగా చిలుము పడుతుంది.