గోధుమ మానేసి ఆరు నెలలైనా టీటీజీ ఎందుకు మామూలుకు రాలేదు?

ప్రశ్న: తిరుపతి, కొర్లగుంట

మా తొమ్మిదేళ్ల పాపకు ఐరన్ మందు ఎంత వాడినా రక్తహీనత తగ్గకపోవడంతో పరీక్షలు చేయించాము. టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్షలో అంకె 200 దాటింది. ఎండోస్కోపీలో తీసిన పేగు ముక్కను చూసి, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బని తేల్చారు. ఆ రోజు నుంచి చపాతీ, ఉప్మా, సేమ్యా, బిస్కెట్లు ఇంట్లోకి రానివ్వలేదు. పాపకు ఒక పూట రాగిసంగటి, మిగతా పూటలు అన్నం. బరువు రెండు కిలోలు పెరిగింది. అయినా మొన్న అదే ల్యాబులో టీటీజీ 64 వచ్చింది. వారి లెక్కన 20 లోపు ఉండాలి. మా వల్ల ఎక్కడ పొరపాటు జరుగుతోందో తెలియక నిద్ర పట్టడం లేదు.

జవాబు: చిత్తూరు, ల్యాబ్ టెక్నీషియన్

అమ్మా, ఆరు నెలల్లో ఇంత దిగడం మంచి గుర్తే. గ్లూటెన్ ముక్కలను పేగులోని ట్రాన్స్‌గ్లుటమినేస్ అనే మన సొంత ఎంజైమే కాస్త మార్చుతుంది. డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువులున్న కొందరిలో రక్షణ కణాలు అలా మారిన ముక్కలపై తిరగబడి, చివరకు ఆ ఎంజైమ్ మీద కూడా యాంటీబాడీలు పుట్టేలా చేస్తాయి. మీ రిపోర్టులోని అంకె వాటిదే. మొదట బాగా ఎక్కువగా ఉన్న పిల్లల్లో అది మామూలుకు రావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. కిట్టును బట్టి అంకెలు మారతాయి కనుక ఇకపైనా అదే ల్యాబులో చేయించండి. అయితే టీటీజీ మామూలుకు వచ్చినంత మాత్రాన పేగు పూర్తిగా మానిందని చెప్పలేము.

జవాబు: పుత్తూరు, ఇదే జబ్బున్న బాబు తండ్రి

రాగులు ఎక్కడ పట్టిస్తున్నారో ఒకసారి చూడండి. మరలో ముందువారు గోధుమలు పట్టించి వెళితే, రాళ్ల మధ్య మిగిలిన పిండి మన రాగులతోనే సంచిలోకి వస్తుంది. గ్లూటెన్ లేని ఆహారమని అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది నియమం. అంత తక్కువ మోతాదు లెక్కకు వస్తుందంటే మర సంగతి చిన్నది కాదు. ఇంగువ డబ్బా వెనుక కూడా చదవండి. చాలా వాటిలో గోధుమ పిండో మైదానో కలిపి ఉంటుంది, మనమేమో చారుకు, పులిహోరకు రోజూ వేస్తాము.

జవాబు: తిరుపతి, నర్సు

పాపకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వారికీ పరీక్ష చేయించండి, కానీ వారు గోధుమ తింటున్నప్పుడే చేయించాలి. ముందే మాన్పిస్తే యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బు దొరకదు. టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా చూడమనండి, ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ, టీటీజీ పరీక్ష కొలిచేది ఆ రకాన్నే. పుట్టుకతో ఐజీఏ తక్కువగా ఉన్నవారిలో జబ్బున్నా ఈ పరీక్ష ఏమీ లేదనే చెబుతుంది, అప్పుడు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని చూసే పరీక్షలు అవసరమవుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఈ ఉదయం మరకు వెళ్లి నిలబడి చూశాను. నా ముందున్నావిడ గోధుమలు పట్టించుకొని వెళ్లగానే మా రాగులు పోశారు. గొట్టం నుంచి మొదట రాలిన నాలుగు దోసిళ్ల పిండి తెల్లగానే ఉంది. ఇంగువ డబ్బా మీద కూడా గోధుమ పిండి అని రాసి ఉంది. రాగులు ఇక ఇంట్లో మిక్సీలోనే పడతాను. మా బాబుకు ఆరేళ్లు, వాడికి వచ్చే వారం పరీక్ష. అంతవరకు వాడి చపాతీ ఆపడం లేదు.