గట్ బ్యాక్టీరియా: కడుపా, పేగా?

ఇంగ్లీషులో గట్ బ్యాక్టీరియా అనేదాన్ని తెలుగులో "కడుపులోని మంచి బ్యాక్టీరియా" అని రాస్తే సరిపోదా, అంత పట్టింపెందుకు అని కొందరు అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నా మటుకు సరిపోదు. కడుపు చాలా పెద్ద మాట. కడుపు నిండింది అంటే ఒకటి, కడుపుతో ఉంది అంటే వేరొకటి, కడుపుబ్బరం అంటే పొట్ట మొత్తం. రోజువారీ మాటల్లో ఏ ఇబ్బందీ లేదు, కానీ ఆరోగ్యం గురించి రాసినప్పుడు చదివేవాళ్ళు తిన్నది ముందుగా చేరే జీర్ణాశయమే అనుకుంటారు, అక్కడేమో ఆమ్లం వల్ల బ్యాక్టీరియా బాగా తక్కువ. వాటి అసలు నివాసం పెద్దపేగు. 2016లో శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటే, దాదాపు అన్నీ అక్కడివే.

చోటు సరిగ్గా చెప్తే పీచు ఎందుకు తినమంటారో కూడా తేలిగ్గా అర్థమవుతుంది. పీచు మన ఎంజైములకి అరగదు, అలాగే పెద్దపేగు దాకా వెళ్ళి ఈ బ్యాక్టీరియాకి మేత అవుతుంది, ఇవి దాన్ని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి, పెద్దపేగు లోపలి పొర కణాలకి ముఖ్యమైన శక్తి ఆ బ్యుటిరేటే. ఇలా మంచి బ్యాక్టీరియాకి మేతగా పనికొచ్చేది ప్రీబయాటిక్. బతికున్న బ్యాక్టీరియానే తగిన మోతాదులో తీసుకుని మేలు పొందితే అది ప్రోబయాటిక్. ఈ రెండింటినీ కలిపేసి రాయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, అది చదివి ఎవరైనా ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ వేసుకుంటే చాలనుకుని పీచు సంగతి మర్చిపోవచ్చు. పైగా ఏ ప్రోబయాటిక్ దేనికి పనిచేస్తుందన్నది అందులోని రకాన్ని బట్టి ఉంటుంది, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

ఇలాంటి మేత తల్లిపాలలోనూ ఉంది. వాటిలో కొన్ని చక్కెరలు బిడ్డకి అరగవు, అయినా ఉంటాయి, అవి బిడ్డ పేగులోని బిఫిడోబ్యాక్టీరియా అనే మంచి రకం బ్యాక్టీరియాకి మేత. ఈ విషయం నాకు ఎప్పుడూ అద్భుతంగానే అనిపిస్తుంది.

ఇంకో మాట, "మేలు చేసే క్రిములు" అని దయచేసి రాయకండి. క్రిమిసంహారకం అనే మాటకి అలవాటుపడ్డాం, క్రిమి అనగానే చంపాల్సినదే అనిపిస్తుంది. సూక్ష్మజీవులు అనండి, లేదా బ్యాక్టీరియా అనే ఉంచేయండి, అందరికీ తెలిసిన మాటే. నేనైతే "పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా" అని రాస్తాను, కాస్త పొడవైనా పర్లేదు.