సమాధుల తోటలో ఈస్టర్ ఉదయ ఆరాధన: మైకు, సున్నం, ఫలహారం గురించి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ వందనాలు. 2027లో ఈస్టర్ మార్చి 28కే వస్తోంది. ఈసారి ఉదయ ఆరాధన గుడిలో కాకుండా సమాధుల తోటలో పెట్టాలని సంఘం కమిటీ తీర్మానించింది. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు, కొండ ఊళ్ళ సవర కుటుంబాలు కలిపి నూట యాభై మంది దాకా ఉంటారు. ఎన్నింటికి మొదలుపెట్టాలి? మైకు పెట్టొచ్చా? సమాధులకు వేసిన సున్నం బట్టలకు అంటుకోకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి? ఫలహారం ఏది తేలిక?

నాగావళి (రాయగడ):
ముందు మైకు సంగతి తేల్చుకోండి, టైము దాన్నిబట్టే కుదురుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయలు ప్రదేశంలో లౌడ్‌స్పీకర్ కుదరదు. పండగలకు ప్రభుత్వం ఇచ్చే సడలింపు కూడా రాత్రి 12 వరకే, తెల్లవారుజాముకు వర్తించదు. పగటిపూట పెట్టాలన్నా రాతపూర్వక అనుమతి ఉండాలి. శ్రమకాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు) మొదట్లోనే దరఖాస్తు ఇచ్చెయ్యండి.

మార్చి 28న మీ దగ్గర సూర్యోదయం 5:50 ప్రాంతంలో. బరంపురంలో రెండు మూడు నిమిషాలు ముందు, జయపురంలో ఆరు నిమిషాలు వెనక. 5:15కి గేటు దగ్గర కలిసి పాటతో లోపలికి నడిస్తే, 6 అయ్యేసరికి పాటలు, ప్రార్థన, వాక్యపఠనం అయిపోతాయి. అప్పుడు మైకు వేసి అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టొచ్చు. ఈస్టర్ ఎప్పుడూ పున్నమి దాటాకే కాబట్టి మబ్బు లేకపోతే ఆ వేళకు చంద్రుడు పైనే ఉంటాడు, జనరేటర్ లైట్లకు డబ్బు తగలెయ్యక్కర్లేదు.

మైకు లేనప్పుడు పఠనం పొట్టిగా ఉండాలి. అధ్యాయమంతా రెండు భాషల్లో చదివితే వెనక వరస గుసగుసలు మొదలెడుతుంది. మార్కు 16లో మొదటి ఎనిమిది వచనాలు చాలు: తెలుగులో ఒకరు, ఒడియాలో ఒకరు, వీలైతే సవరలో ఒకరు. చదివేవాళ్ళు గాలి వచ్చే వైపు నిలబడితే మాట జనం మీదకి వెళ్తుంది. పాటలు పుస్తకం చూడకుండా వచ్చేవే ఎంచుకోండి, కొత్త పాట నేర్పడానికి అది సమయం కాదు. డోలక్, తాళాలు గుంపు మధ్యలో ఉండాలి. ముందు పెడితే వెనకవాళ్ళు అర తాళం ఆలస్యమవుతారు.

ఇంకోటి. మార్చి ఆఖరు ఇప్పపూలు రాలే కాలం. కొండ ఊళ్ళవాళ్ళు తెల్లారకముందే చెట్ల కింద ఉంటారు. 5:15 అని మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) నాడు చెబితే లాభం లేదు, ఓ రెండు వారాల ముందే ఆ ఊళ్ళ పెద్దలతో మాట్లాడుకోండి.

వంశధార_ఒడ్డు (గుణుపురం):
సున్నం అంటుకునేది చిక్కగా వేసినందుకు, ఎండిన గోడ మీద ఎర్రటి ఎండలో వేసినందుకు. పట్టుకునేలోపే నీరు ఆరిపోయి పొడిగా మిగులుతుంది.

5 కిలోల రాతి సున్నానికి 15 లీటర్ల నీళ్ళు. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్ళు పోసి, సున్నం ముక్కలు కొద్దికొద్దిగా వెయ్యాలి. సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, మొహం మీదకి చిమ్ముతుంది. కళ్ళకు అద్దాలు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరకు రానివ్వొద్దు. ప్లాస్టిక్ బకెట్ అయితే ఆ వేడికి మెత్తబడి కూర్చుంటుంది. రెండు రోజులు నాననిచ్చి పాత గుడ్డలో వడకట్టి, 100 గ్రాముల తుమ్మ జిగురు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి కలపండి. పాలంత పలచన చాలు. సమాధిని నీళ్ళతో తడిపి, పొద్దున్నే, పలచగా రెండు మూడు పూతలు. తడిగా ఉన్నప్పుడు రంగు కనపడదు, ఆరాకే తెల్లబడుతుంది. అది తెలియక కుర్రాళ్ళు ఇంకాస్త సున్నం కలిపేస్తారు, అక్కడే చెడుతుంది. పేర్లున్న రాతి పలకలకు ముందే కాగితం అంటించండి.

మార్చి 20 శనివారంలోపు ముగిస్తే గట్టిపడటానికి వారం దొరుకుతుంది. గడ్డి పీకించండి, కాల్చొద్దు. కొవ్వొత్తులు కూడా నేల మీద వద్దు, కొబ్బరి చిప్పల్లో ఇసుక పోసి గుచ్చండి.

బరంపురం_వంటశాల:
ఉప్మా, ఘుగుని (బఠాణీ కూర). మన వైపు ఎవరూ వద్దనరు. నూట యాభై మందికి బొంబాయి రవ్వ 10 కిలోలు, నీళ్ళు 25 లీటర్లు, నూనె లీటరున్నర, ఉల్లిపాయలు 3 కిలోలు, ఉప్పు 300 గ్రాములు వేసి రుచి చూడండి. రవ్వ శనివారం సాయంత్రమే వేయించి ఉంచాలి. పొద్దున ఎసరు తెర్లుతుండగా ఒకరు పోస్తుంటే ఒకరు కలపాలి, ఒక్కరే చేస్తే ఉండ కడుతుంది. ఘుగునికి ఎండు తెల్ల బఠాణీ 5 కిలోలు, శనివారం రాత్రి 8కి నానాలి. ఆలస్యమైతే పొద్దున ఎంత ఉడికించినా లోపల గట్టిగానే ఉంటుంది.

మహేంద్రతనయ:
చాలా ఉపయోగం, వందనాలు. మట్టల ఆదివారానికి ఈత మట్టలు ఎప్పుడు కొట్టించాలి? కొబ్బరి మట్టలు మాకు తక్కువ.

వంశధార_ఒడ్డు:
20 సాయంత్రం ఎండ దిగాక. 19నే కొడితే ఆకు ముడుచుకుపోతుంది. మట్ట మొదలు దగ్గర ఆకులు ముళ్ళలా ఉంటాయి, జానెడు దాకా కత్తితో చెక్కేసి తడి గోనె సంచిలో చుట్టండి. సండే స్కూల్ పిల్లలకు కొస వైపు అడుగు పొడవు ముక్కలే ఇవ్వండి, పొడుగు మట్టలు పక్కవాళ్ళ కళ్ళలో గుచ్చుకుంటాయి.