ఉబుంటు 22.04కి మారాక ఎల్‌డ్యాప్‌సెర్చ్ స్క్రిప్టు ఖాళీ ఫైలు ఇస్తోంది

ప్రశ్న

నమస్కారం అండి. ఒక సర్వర్‌ని ఉబుంటు 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేశాం. ఉద్యోగుల వివరాలుండే డైరెక్టరీ (ఓపెన్‌ఎల్‌డ్యాప్) వేరే మెషీన్‌లో ఉంది, దాన్ని ముట్టుకోలేదు. రాత్రిపూట క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే ప్రోగ్రామ్) నడిచే బాష్ స్క్రిప్టు ఎల్‌డ్యాప్‌సెర్చ్ కమాండ్‌తో ఉద్యోగుల పేర్లు, మెయిల్ ఐడీలు లాగి ఒక ఫైల్లో రాస్తుంది. ఇప్పుడు ఆ ఫైలు సున్నా బైట్లతో వస్తోంది, ఎర్రర్ ఏమీ కనపడదు. కమాండ్‌లో స్మాల్ ఎక్స్ (-x), స్మాల్ హెచ్‌తో (-h) సర్వర్ పేరు, స్మాల్ పీతో (-p) పోర్టు 389 ఇచ్చి, అవుట్‌పుట్‌ని పైపుతో లైన్లు ఏరే గ్రెప్‌కీ ఆక్‌కీ పంపుతున్నాం. స్టాండర్డ్ ఎర్రర్ (ఎర్రర్ మెసేజ్‌లు) డెవ్ నల్‌కి, అంటే ఎక్కడా కనపడకుండా, పోతుంది. అదే మెషీన్‌లో పీహెచ్‌పీ లాగిన్ పేజీ కూడా "డైరెక్టరీకి కనెక్ట్ కాలేదు" అంటోంది. నెట్‌వర్క్ బాగానే ఉంది, 389 పోర్టు తెరిచే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1

ముందు డెవ్ నల్ తీసేసి, పైపులు లేకుండా ఎల్‌డ్యాప్‌సెర్చ్ ఒక్కదాన్నే చేత్తో నడపండి. ఆప్షన్ తెలియదని చెప్పి వాడుక జాబితా మొత్తం స్క్రీన్ మీద పడేస్తుంది. 20.04లో ఉన్నది ఓపెన్‌ఎల్‌డ్యాప్ 2.4, 22.04లో 2.5. ఎప్పటినుంచో వాడొద్దంటున్న స్మాల్ హెచ్, స్మాల్ పీ ఆప్షన్లను 2.5లో పూర్తిగా తీసేశారు. ఎల్‌డ్యాప్‌సెర్చ్‌లోనే కాదు, ఎల్‌డ్యాప్‌మాడిఫై, ఎల్‌డ్యాప్‌యాడ్ లాంటి మిగతా క్లయింట్ కమాండ్లలోనూ అంతే.

ఆ రెండింటి బదులు క్యాపిటల్ హెచ్ (-H) పెట్టి యూఆర్‌ఐ ఇవ్వండి: ఎల్‌డ్యాప్://సర్వర్‌పేరు:389. రెండో సర్వర్ ఉంటే డబుల్ కోట్స్ లోపల స్పేస్ ఇచ్చి దాని యూఆర్‌ఐ కూడా రాయొచ్చు, మొదటిది అందకపోతే దానికి వెళ్తుంది. స్మాల్ ఎక్స్ మాత్రం వదలకండి. అది లేకపోతే సింపుల్ బైండ్ (మామూలుగా పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడం) బదులు సాస్ల్ అనే ఇంకో లాగిన్ పద్ధతికి పోతుంది, అప్పుడు వచ్చే ఎర్రర్లు వేరే దారి పట్టిస్తాయి.

పాత స్క్రిప్టులన్నీ ఇప్పుడే గ్రెప్ కొట్టి వెతకండి. నెలకోసారి నడిచేవి మళ్లీ నెల తర్వాతే బయటపడతాయి.

జవాబు 2

పీహెచ్‌పీ సంగతి వేరు. 20.04లో 7.4, 22.04లో 8.1. ఎల్‌డ్యాప్_కనెక్ట్ ఫంక్షన్ ఇదివరకు రిసోర్స్ (పీహెచ్‌పీలో పాత రకం విలువ) ఇచ్చేది, 8.1 నుంచి ఆబ్జెక్ట్ ఇస్తుంది. మీ కోడ్‌లో ఈజ్_రిసోర్స్ అనే తనిఖీ ఉండి ఉంటుంది. ఆబ్జెక్ట్‌కి అది ఫాల్స్ అంటుంది కాబట్టి, అంతా సవ్యంగా ఉన్నా కనెక్ట్ కాలేదన్న మెసేజ్ వస్తుంది. ఆ తనిఖీని "ఫాల్స్‌తో సమానమా" అని మూడు ఈక్వల్స్ పెట్టి మార్చండి. అసలు ఎల్‌డ్యాప్_కనెక్ట్ సర్వర్ దాకా వెళ్లనే వెళ్లదు, యూఆర్‌ఐ రాసిన తీరు మాత్రమే చూస్తుంది. కనెక్షన్ మొదలయ్యేది బైండ్ దగ్గర. అందుకని నిజమైన తనిఖీ ఎల్‌డ్యాప్_బైండ్ ఫలితం మీద పెట్టి, అది విఫలమైతే ఎల్‌డ్యాప్_ఎర్ర్‌నో, ఎల్‌డ్యాప్_ఎర్రర్ లాగ్‌లో రాయించండి.

ఎల్‌డ్యాప్_సార్ట్, ఎల్‌డ్యాప్_కంట్రోల్_పేజ్డ్_రిజల్ట్ వాడుతున్నారేమో కూడా చూడండి. 8.0లోనే రెండూ పోయాయి. పేజింగ్‌కి (ఫలితాలను విడతలుగా తెచ్చుకోవడానికి) ఎల్‌డ్యాప్_సెర్చ్‌లోనే కంట్రోల్స్ పారామీటర్ ఉంది.

ప్రశ్న అడిగినవారు

రెండూ పనిచేశాయండి, చాలా థాంక్స్. ఇదే ఊపులో పోర్టు 636కి మారదామని ఎల్‌డ్యాప్స్ (టీఎల్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ అయ్యే ఎల్‌డ్యాప్) యూఆర్‌ఐలో సర్వర్ ఐపీ ఇచ్చాను. "కాంట్ కాంటాక్ట్ ఎల్‌డ్యాప్ సర్వర్, మైనస్ 1" అంటోంది. టెల్‌నెట్‌కి పోర్టు తెరుచుకుంటోంది. ఇంకో సంగతి, ఫైల్లో కొందరి పేర్లు అర్థంకాని అక్షరాలుగా వస్తున్నాయి.

జవాబు 3

పోర్టు తెరుచుకున్నా మైనస్ 1 వస్తోందంటే ముందు సర్టిఫికెట్‌నే అనుమానించాలి. అదే కమాండ్‌కి స్మాల్ డీ 1 కలిపి నడపండి, టీఎల్‌ఎస్ దగ్గర ఎందుకు ఆగిందో రాస్తుంది. ఐపీ ఇచ్చారంటున్నారు కదా, సర్టిఫికెట్‌లో ఆ ఐపీ లేకపోతే పేరు కలవదు. అందులో ఉన్న హోస్ట్‌నేమ్‌నే యూఆర్‌ఐలో పెట్టండి. సర్టిఫికెట్లు జారీ చేసే సీఏ మీ సొంతదైతే దాని సర్టిఫికెట్ ఫైలు దారిని ఈటీసీ కింద ఎల్‌డ్యాప్ ఫోల్డర్లోని ఎల్‌డ్యాప్.కాన్ఫ్‌లో టీఎల్‌ఎస్_సీఏసర్ట్ లైన్లో రాయండి. షెల్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెడితే చేత్తో నడిపినప్పుడు పనిచేసి క్రాన్‌లో పడిపోతుంది, ఎందుకంటే క్రాన్‌కి మీ షెల్ సెట్టింగులు అందవు. టీఎల్‌ఎస్_రెక్‌సర్ట్ నెవర్ అని పెట్టి దాటేయమని ఎవరైనా చెబితే వినకండి. అవతల ఉన్నది నిజంగా మీ సర్వరేనా అని చూడకుండానే పాస్‌వర్డ్ పంపినట్టవుతుంది. ఎల్‌డ్యాప్స్ వాడుతూ డబుల్ క్యాపిటల్ జెడ్ (-ZZ, మామూలు కనెక్షన్‌ని టీఎల్‌ఎస్‌కి మార్చే ఆప్షన్) కూడా ఉంచితే "టీఎల్‌ఎస్ ఆల్రెడీ స్టార్టెడ్" అని ఆగిపోతుంది. ఏదో ఒకటే ఉండాలి.

జవాబు 4

పేర్ల సంగతి నేను చెబుతాను. అవి పాడవలేదు, బేస్64లో (బైట్లను మామూలు ఆస్కీ అక్షరాలుగా రాసే పద్ధతి) ఉన్నాయి. విలువలో ఆస్కీ కాని అక్షరం ఉన్నా, మొదట్లోనో చివరనో స్పేస్ ఉన్నా ఎల్‌డీఐఎఫ్ (ఎల్‌డ్యాప్‌సెర్చ్ అవుట్‌పుట్ ఫార్మాట్) దాన్ని అలాగే రాస్తుంది, ఆట్రిబ్యూట్ పేరు పక్కన ఒక కోలన్ బదులు రెండు పడతాయి. తెలుగులో రాసిన పేర్లన్నీ ఇందులోకే వస్తాయి. ఆనవాలు కూడా ఉంది: తెలుగు అక్షరంతో మొదలయ్యే విలువ బేస్64లో ఎప్పుడూ అంకె 4, క్యాపిటల్ ఎల్, క్యాపిటల్ సీతోనే మొదలవుతుంది. తెలుగు అచ్చులు, హల్లుల యూటీఎఫ్-8 రూపంలో మొదటి రెండు బైట్లు ఒకటే కావడం వల్ల అలా వస్తుంది. ఆక్‌లో రెండు కోలన్లున్న లైన్లను విడిగా పట్టుకుని బేస్64 స్మాల్ డీకి పంపండి. పొడవాటి లైన్లు తెగి, తర్వాతి లైన్లో స్పేస్‌తో కొనసాగుతాయి కాబట్టి స్మాల్ ఓ ఎల్‌డీఐఎఫ్-ర్యాప్=నో కూడా కలపాలి. పేర్లు ఎక్కువుంటే పైథాన్-ఎల్‌డ్యాప్‌కి మారడమే నయం. అందులో విలువలు బైట్లుగా వస్తాయి, యూటీఎఫ్-8గా డీకోడ్ చేసుకుంటే చాలు.

ఇక అసలు ప్రమాదం ఖాళీ ఫైలే. పైపు చివర ఉన్న ఆక్ సున్నాతో ముగిస్తే, ముందు ఎల్‌డ్యాప్‌సెర్చ్ పడిపోయినా స్క్రిప్టుకి తెలియదు. ఆ ఫైలు చూసి అకౌంట్లు తీసేసే ప్రోగ్రామ్ ఇంకోటి ఉంటే అందరి అకౌంట్లూ పోతాయి. స్క్రిప్టు మొదట్లో సెట్ స్మాల్ ఈ, దాంతోపాటు సెట్ స్మాల్ ఓ పైప్‌ఫెయిల్ పెట్టండి. అవుట్‌పుట్ టెంపరరీ ఫైల్లోకి రాసి, ఖాళీ కాదని టెస్ట్ కమాండ్ స్మాల్ ఎస్‌తో చూశాకే ఎంవీతో అసలు పేరుకి మార్చండి. ఎగ్జిట్ కోడ్ లాగ్‌లో ఉండాలి: 32 అంటే బేస్ డీఎన్ (వెతకడం మొదలుపెట్టే చోటు) దొరకలేదు, 49 అంటే పాస్‌వర్డో బైండ్ డీఎన్నో (లాగిన్ అయ్యే పేరు) తప్పు, 4 అంటే సైజ్ లిమిట్ దాటింది. పాస్‌వర్డ్‌ని స్మాల్ వైతో ఫైలు నుంచి ఇస్తూ 49 వస్తే, ఆ ఫైలు చివర ఎడిటర్ చేర్చిన న్యూలైన్ ఉందేమో చూడండి. అది కూడా పాస్‌వర్డ్‌లో భాగంగానే వెళ్తుంది. ప్రింట్‌ఎఫ్‌తో రాస్తే ఆ బెడద ఉండదు.