హైదరాబాద్ స్కీముల్లో డబ్బు పెట్టమంటున్నారు, డాలస్‌కి కొత్త. పెట్టొచ్చా?

అన్నా, ఊళ్లో ఫ్రెండు ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్‌లో (కంపెనీలకి రావాల్సిన బిల్లుల మీద ముందే డబ్బిచ్చి, తర్వాత లాభంతో తీసుకోవడం) పెట్టమంటున్నాడు. తనకి ఆరు నెలలుగా టైముకి వస్తోందట. బావ ప్రీ-లాంచ్ ఫ్లాటు (పర్మిషన్లు రాకముందే అమ్మేది) అంటున్నాడు. ఏది నయం?

జవాబు
తమ్ముడూ, టైముకి రావడం రుజువు కాదు. కొత్తవాళ్ల సొమ్మే పాతవాళ్లకి వడ్డీగా తిరుగుతున్నా మొదట్లో అచ్చం అలాగే వస్తుంది. పైగా చాలామంది అసలూ వడ్డీ కలిపి మళ్లీ అక్కడే వేస్తారు. కంపెనీ చేతినుంచి పోయేది తక్కువ, అందుకే ఏళ్ల తరబడి బయటపడదు.

బిల్లు నిజమైనదని చెప్పగలిగేది సరుకు కొన్న కంపెనీ ఒక్కటే, యాప్‌లో లోగో కాదు. 2025 ఫిబ్రవరిలో బయటపడ్డ ఫాల్కన్ అనే ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ సంస్థ కేసులో పేరున్న కంపెనీల పేర దొంగ బిల్లులు చూపి సుమారు 1,700 కోట్లు వసూలు చేశారని, 850 కోట్ల దాకా తిరిగివ్వలేదని సైబరాబాద్ పోలీసులు చెప్పారు. బిల్లుకి ఐఆర్‌ఎన్ (ఈ-ఇన్‌వాయిస్‌కి ఇచ్చే గుర్తింపు) నంబరు చూపిస్తే అది జీఎస్టీలో నమోదైందని అర్థం. కొన్నవాడు ఒప్పుకున్నాడని కాదు. ఆర్‌బీఐ అనుమతి ఉన్న ట్రెడ్స్ (చిన్న కంపెనీల బిల్లుల మీద ఆన్‌లైన్‌లో డబ్బిచ్చే) వేదికల్లో ఆ ఒప్పుదల ఉంటుంది, కానీ అక్కడ డబ్బిచ్చేది బ్యాంకులూ ఫైనాన్స్ సంస్థలే. మనలాంటి వ్యక్తులకి చోటు లేదు.

జవాబు
పై మాటకి తోడు: సత్యం కంప్యూటర్స్ కంపెనీ సంగతి. 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖ రాసేదాకా పుస్తకాల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేవని బయట ఎవరికీ తెలీదు. ఆడిటర్లు బ్యాంకులకి నేరుగా రాయకుండా కంపెనీ తెచ్చిచ్చిన కాగితాలు నమ్మారు. నీకు చూపిస్తున్న పీడీఎఫ్ ఎవరు పంపారో చూడు.

జవాబు
ప్రీ-లాంచ్ సంగతి నేను చెప్తాను. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేకుండా బుకింగ్ తీసుకోవడమే 2016 చట్టం ప్రకారం తప్పు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వాళ్లేమో "మొత్తం ఒకేసారి కట్టండి, రేటు తగ్గిస్తాం, యూడీఎస్ రిజిస్టర్ చేస్తాం" అంటారు. యూడీఎస్ అంటే స్థలంలో విడదీయని వాటా. పర్మిషన్ రాకపోతే నీ చేతిలో ఫ్లాటు ఉండదు, వందలమందితో కలిసి వాటా మాత్రం ఉంటుంది. రెరాలో నమోదైతే కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. లేకపోతే నీ డబ్బు పక్క వెంచర్ టోకెన్‌కి పోతుంది, ఆపేవాడు లేడు. తెలంగాణ రెరా సైటులో నంబరు, ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్) స్థలం ఎవరి పేర ఉందో నువ్వే చూడు.

"ఫామ్ ప్లాట్" అంటే వెంటనే వద్దను. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా (విదేశీ మారకం చట్టం) ఒప్పుకోదు.

ఇంకోటి, దయచేసి బావ ఖాతాకి పంపి అక్కణ్ణుంచి కట్టించకు. రేపు ఫిర్యాదు చేయాలంటే కాగితం మీద ఇన్వెస్టరు బావే అవుతాడు. నీ ఎన్‌ఆర్‌ఈ (ఎన్నారైలకి ఇండియా బ్యాంకులిచ్చే) ఖాతా నుంచి, నీ పేరనే వెళ్లాలి.

జవాబు
ఇప్పటికే కట్టినవాళ్లెవరైనా చదువుతుంటే: ఏజెంటు "కంప్లైంట్ ఇస్తే అసలూ రాదు" అంటాడు, ఆ ఆగిన నెలల్లోనే ఆస్తులు చేతులు మారతాయి. కమిషన్ తిన్నవాడు మీ చుట్టమైనా సరే, ఆగొద్దు. ఆర్థిక నేరాల విభాగంలో కేసు పడితే డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ఆస్తులు జప్తు చేసే వీలుంది. మీ బదులు అమ్మానాన్నలు తిరగాలంటే పవర్ ఆఫ్ అటార్నీ హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించండి. ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించడం మర్చిపోకండి.