యాంకిలోసింగ్ స్పాండిలైటిస్‌కి అసలు కారణం సీడీ8 టీ సెల్సేనా?

కృష్ణాతీరం:
మా బావకి నడుము, తుంటి దగ్గర పట్టేస్తుంటే యాంకిలోసింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని తేలింది, హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే జీన్ పాజిటివ్. సీడీ8 టీ సెల్స్ అనే రోగనిరోధక కణాలు పొరబడి సొంత వెన్ను మీదే దాడి చేస్తాయి, జబ్బంతా ఇదేనని ఒక వీడియోలో చెప్పేశారు. నిజంగా అంతేనా?

ల్యాబ్‌కోటు:
దాదాపు అంతేనండి. బీ27 చేసే పనే సెల్ లోపలి ప్రోటీన్ ముక్కల్ని సీడీ8 సెల్స్‌కి చూపించడం. జబ్బుతో దానికున్న లింకు 1973లోనే దొరికింది, ఆ ముక్కల్ని కత్తిరించే ఈఆర్‌ఏపీ1 ఎంజైమ్ జీన్‌కీ లింకు 2007లో బయటపడింది. 2022లో పేషెంట్ల టీ సెల్ రిసెప్టర్లు (టీ సెల్స్ మీద ముక్కల్ని గుర్తుపట్టే భాగాలు) బీ27 పట్టుకున్న బాక్టీరియా ముక్కల్నీ మన సొంత ముక్కల్నీ కూడా గుర్తుపడుతున్నాయని చూపించారు. టీఆర్‌బీవీ9 అనే రకం రిసెప్టర్ ఉన్న టీ సెల్స్‌ని ఏరి తీసేసే సెనిప్రుటగ్ అనే మందుకి రష్యా 2024లో అనుమతి కూడా ఇచ్చింది.

ఎముకలగూడు:
లింకు ఉంది కాబట్టి జబ్బుని నడిపేది అవే అంటే నేను ఒప్పుకోను అన్నా. బీ27 జీన్ పెట్టిన ఎలుకల్లో సీడీ8 సెల్స్ లేకుండా చేసినా కీళ్ళ వాపు వచ్చింది, 2003 నాటి మాట ఇది. అదే జీన్ ఉన్న ఎలుకల్ని సూక్ష్మజీవులు లేని చోట పెంచితే మాత్రం పేగు వాపూ లేదు కీళ్ళ వాపూ లేదు. టీ సెల్స్ మేలుకోవడానికి కావాల్సిన రెండో సిగ్నల్ అందకుండా చేసే అబాటసెప్ట్ మందు రుమటాయిడ్ కీళ్ళవాతంలో బాగా పనిచేస్తుంది కదా, ఇక్కడ చిన్న ట్రయల్‌లో పెద్దగా ఏమీ చెయ్యలేదు. ఐఎల్-17 అనే వాపు పెంచే ప్రోటీన్‌ని ఆపే సెకుకినుమాబ్ మందు పనిచేస్తోంది, ఆ ఐఎల్-17ని స్నాయువు ఎముకకి అతుక్కునే చోట కాపురముండే గామా డెల్టా అనే వేరే రకం టీ సెల్స్ లాంటివి అక్కడికక్కడే తయారుచేయగలవు, బీ27 ఏ ముక్క చూపిస్తుందా అని ఎదురుచూసే పని వాటికి లేదు. పైగా ఐఎల్-23ని (ఐఎల్-17 తయారీని ఉసిగొల్పే ప్రోటీన్) ఆపే రిసాంకిజుమాబ్, ఉస్టెకినుమాబ్ సోరియాసిస్‌లో అంత బాగా పనిచేసి వెన్ను జబ్బులో ఫెయిలయ్యాయి. మనుషుల వెన్ను టిష్యూ తీసి చూస్తే ఆ గామా డెల్టా సెల్స్‌లో కొన్ని ఐఎల్-23 లేకపోయినా ఐఎల్-17 తయారుచేస్తాయని తేలింది, నాకైతే ఇదే గట్టి క్లూ.

ల్యాబ్‌కోటు:
ఆ వెన్ను టిష్యూ ఈ జబ్బు ఉన్నవాళ్ళది కాదు కదండీ, వేరే కారణాలకి వెన్ను సర్జరీ అయినవాళ్ళది. మామూలు టిష్యూలో కనబడింది జబ్బులోనూ అలాగే జరుగుతుందని ఎలా అంటారు? ఎలుక కూడా మనిషి కాదు.

ఎముకలగూడు:
అది సరైన ప్రశ్నే, జబ్బున్న వెన్ను నుంచి ముక్క తీయడం కష్టం కాబట్టే ఇద్దరం పక్కదారి ఆధారాలతో వాదిస్తున్నాం. కానీ సీడీ8 మొదట నిప్పు పెట్టినా, ఏళ్ళ తరబడి మండించేది అవేనని రుజువు కాలేదు.

కృష్ణాతీరం:
మరి బావ మందు విషయంలో దీనివల్ల ఏమైనా మారుతుందా అన్నా?

ఎముకలగూడు:
ఈ గొడవ తేలేదాకా ఆగక్కర్లేదు తమ్ముడూ. వ్యాయామం, నొప్పి మాత్రలతో తగ్గకపోతే టీఎన్‌ఎఫ్ అనే మరో వాపు ప్రోటీన్‌ని ఆపేవి, ఐఎల్-17ని ఆపేవి, వాపు సిగ్నల్‌ని సెల్ లోపల ఆపే జేఏకే మాత్రలు ఉన్నాయి. కాకపోతే విరేచనాలు, మలంలో రక్తం, కన్ను ఎర్రబడి నొప్పి ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పమను, ఎందుకంటే సెకుకినుమాబ్‌ని క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు మీద ట్రై చేస్తే కొందరికి ఇంకా ఎక్కువైంది, పేగు జబ్బు ఉన్నవాళ్ళకి టీఎన్‌ఎఫ్ యాంటీబాడీ మందుల వైపే మొగ్గుతారు.