కొత్త కంప్యూటర్‌లో వైఫై కంటే కేబుల్ కనెక్షన్ నెమ్మదిగా ఉంది: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు:
వారం క్రితం కొత్త డెస్క్‌టాప్ కొన్నాను. నా ఇంటర్నెట్ ప్లాన్ 300 ఎంబీపీఎస్. అదే గదిలో ఫోన్ వైఫై మీద 270 దాకా వస్తుండగా, రౌటర్‌కు నేరుగా కేబుల్‌తో కలిపిన ఈ కంప్యూటర్‌లో మాత్రం ఎన్నిసార్లు పరీక్షించినా 94 దగ్గరే ఆగిపోతోంది. పాత కంప్యూటర్‌కు ఇదే కేబుల్‌ను నాలుగేళ్లు వాడాను. ఏనాడూ ఇబ్బంది రాలేదు. అందువల్ల లోపం కొత్త యంత్రంలోనే ఉందని అనుమానిస్తున్నాను. దుకాణానికి తిరిగి ఇచ్చేముందు ఏమేమి పరీక్షించాలో చెప్పగలరా?

రెండో సభ్యుడు:
డీఎన్ఎస్ సర్వర్ మార్చి చూడండి. ఫలితం లేకపోతే విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మంచిది.

మూడో సభ్యురాలు:
పై సలహాతో నేను ఏకీభవించలేను. డీఎన్ఎస్ చేసే పని సైటు పేరుకు తగిన చిరునామా వెతికిపెట్టడం వరకే కనుక, అది నెమ్మదిస్తే పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది గానీ, మొదలైన డౌన్‌లోడ్ ఒకే అంకె దగ్గర గోడ కట్టినట్టు ఆగదు.

అసలు ఆధారం మీరు చెప్పిన 94 అనే అంకెలోనే ఉంది. సమాచారం కేబుల్ మీద ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ప్యాకెట్‌లోనూ చిరునామాలకు, ప్యాకెట్ల మధ్య విరామానికి కొంత భాగం పోతుంది. పూర్తి నిడివి ప్యాకెట్ తీగ మీద 1538 బైట్ల స్థలం ఆక్రమిస్తే, అందులో మన సమాచారం దాదాపు 1460 బైట్లే. అంటే 100 ఎంబీపీఎస్ లింకు మీద చేతికి అందేది 95 లోపే. కాబట్టి మీ కంప్యూటరూ రౌటరూ గిగాబిట్‌కు (1000 ఎంబీపీఎస్) బదులు 100 దగ్గర ఒప్పందం కుదుర్చుకున్నాయని నా అంచనా. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగానికి వెళ్లి ఈథర్నెట్‌ను తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. ఆ అంకె చెప్పండి, మిగిలినది తరువాత చూద్దాం.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే 100/100 అని ఉందండీ. రౌటర్ పోర్టులు గిగాబిట్‌వేనని దాని వివరాల్లో ఉంది. కొత్త మదర్‌బోర్డు పోర్టు కూడా అంతే. మరి పాత కంప్యూటర్‌లో ఎందుకు తేడా తెలియలేదు?

మూడో సభ్యురాలు:
పాత కంప్యూటర్ పోర్టు వేగం ఎంతో, అప్పటి ప్లాన్ ఎంతో ఒకసారి గుర్తు చేసుకోండి. 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌కు కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే చాలు. కనెక్టర్‌లో అవి 1, 2, 3, 6 స్థానాల్లో ఉంటాయి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. మిగతా జతల్లో ఒక్క తీగ తెగినా చాలా నెట్‌వర్క్ కార్డులు గిగాబిట్‌కు ప్రయత్నించి, విఫలమై, చప్పుడు చేయకుండా 100కు దిగిపోతాయి. ఏ హెచ్చరికా రాదు, ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉంటుంది, లోపం ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. క్యాట్ 5ఈ అని ముద్రించిన మంచి కేబుల్ ఏదైనా సరే పెట్టి చూడండి. 100 మీటర్ల లోపు గిగాబిట్‌కు అది చాలు. అంతకంటే ఖరీదైనది అక్కర లేదు.

నాలుగో సభ్యుడు:
లింక్ స్పీడ్ 100 అని చూపిన ప్రతిసారీ తప్పు కేబుల్‌దే కానక్కరలేదు. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఎవరో స్విచ్ పోర్టును చేత్తో 100 ఫుల్ డ్యూప్లెక్స్‌కు (ఒకేసారి రెండు వైపులా పంపే విధానానికి) బిగించి, కంప్యూటర్ వైపు మాత్రం ఆటో (అవతలి పోర్టుతో సంప్రదించి తానే ఎంచుకునే అమరిక) మీద వదిలేశారు. అలాంటప్పుడు ఆటో వైపు వేగాన్ని పసిగట్టగలదు గానీ డ్యూప్లెక్స్‌ను తెలుసుకోలేక హాఫ్‌కు, అంటే ఒకసారికి ఒక వైపే పంపే విధానానికి, పడిపోతుంది. పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు చూసే పరీక్ష) చక్కగా వచ్చేది, పెద్ద ఫైలు కదిలించగానే వేగం రెండు మూడు ఎంబీపీఎస్‌కు కూలిపోయేది. మా బృందానికి రెండు రోజులు పట్టింది, చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అయితే మీకు స్థిరంగా 94 వస్తోంది కనుక మీది ఆ జబ్బు కాదు. అడాప్టర్ సెట్టింగ్‌ను మాత్రం ఆటోలోనే ఉంచండి. రాగి తీగల మీద గిగాబిట్ కుదరడానికి ఆ సంప్రదింపు తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
పాత కంప్యూటర్ పోర్టు 100దే, అప్పటి ప్లాన్ 50దే. తేడా తెలిసే అవకాశమే లేదన్నమాట. ఈ రోజు కొత్త కేబుల్ పెట్టాను. లింక్ స్పీడ్ 1000/1000 అని మారింది. కానీ పరీక్షలో 85 మాత్రమే వస్తోంది, అంటే ఇంకా తగ్గింది! అప్‌లోడ్ కూడా అక్కడే ఆగుతోంది. ఇప్పుడు నిజంగానే యంత్రాన్ని తిరిగి ఇవ్వాలా?

ఐదో సభ్యుడు:
ఆగండి. మదర్‌బోర్డుతో పాటు ఆటలకూ వీడియోలకూ ప్రాధాన్యం ఇస్తామనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఏదైనా వచ్చిందా? నా కంప్యూటర్‌లో అలాంటిది ఉండేది. మొదటిసారి తెరిచినప్పుడు అది తానే ఒక స్పీడ్ టెస్టు చేసి, వచ్చిన అంకెకు కాస్త తక్కువను మొత్తం పరిమితిగా రాసుకునేది. ఆ తరువాత ప్లాన్ పెంచుకున్నా అది తన పాత లెక్కను మార్చుకోలేదు. మీరు దాన్ని పాత కేబుల్ ఉన్న రోజుల్లో తెరిచి ఉంటే, అది 94ను చూసి 85 అని గీత గీసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అక్షరాలా అదే జరిగింది. కొన్న రోజునే దాన్ని తెరిచి, అడిగిన ప్రతిదానికీ సరేనన్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, నెట్‌వర్క్ కార్డు తయారీదారు సైటు నుంచి డ్రైవర్ మాత్రమే వేసుకుని, ఒకసారి రీస్టార్ట్ చేశాక 288 వచ్చింది. మూడుసార్లు పరీక్షించినా అంతే. నిన్న కేబుల్ మార్చిన వెంటనే ఫలితం రాలేదని పాతదాన్నే తిరిగి పెట్టబోయాను. లింక్ స్పీడ్ చూడకపోతే ఆ పని చేసేవాడినే.

మూడో సభ్యురాలు:
రెండు లోపాలు ఒకదాని వెనుక ఒకటి నిలబడితే మొదటిదాన్ని సరిచేసినా కనిపించదు. పాత కేబుల్‌లో తెగింది ఎక్కడో గమనించారా?

ప్రశ్న అడిగినవారు:
బల్ల కాలి కింద నలిగిన చోట పైతొడుగు చదునుగా అయిపోయింది. అక్కడే అయి ఉంటుంది. కత్తిరించి పారేశాను, మళ్లీ పొరపాటున ఎవరూ వాడకుండా.